కాలనీలో అమరవీరులకు నివాళి: పేర్ల జాబితా నుంచి జెండా మడత దాకా

నవంబరు నెల చివరికొచ్చేసరికి విశాఖలో అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్ళు, స్కూలు టీచర్లు, వాకర్స్ క్లబ్బులవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అమరవీరులకు నివాళి కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని పిలవాలి, మౌనం ఎప్పుడు, జెండా ఎటువైపు? అందుకే మొదటినుంచి చివరిదాకా వరుసగా రాస్తున్నాను. యాభై నుంచి నూట యాభై మంది వచ్చే కాలనీ కార్యక్రమానికి ఇది సరిపోతుంది.

ముందుగా ఒక మాట. ఈ కార్యక్రమంలో ముఖ్యులు ప్రాణాలిచ్చిన జవాను, ఆ జవాను ఇంటివాళ్ళు. మిగతా అందరం, సంఘం ప్రెసిడెంటుతో సహా, వాళ్ళకోసం వచ్చినవాళ్ళమే. ఏ విషయంలో తేల్చుకోలేకపోయినా "ముందు వరుసలో కూర్చున్న ఆ తల్లికి ఇది ఎలా ఉంటుంది" అని అడగండి, జవాబు వెంటనే దొరుకుతుంది.

1. ఏ రోజు చేయాలి

తేదీని బట్టి ఎవరిని తలుచుకుంటున్నామో మారుతుంది కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

- జూలై 26, కార్గిల్ విజయ్ దివస్: 1999 యుద్ధంలో ప్రాణాలిచ్చినవాళ్ళ కోసం.
- అక్టోబరు 21, పోలీసు అమరవీరుల సంస్మరణ దినం: 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చనిపోయిన 10 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్ల జ్ఞాపకంగా మొదలైంది.
- డిసెంబరు 4, నౌకాదళ దినోత్సవం.
- డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినోత్సవం: 1949 నుంచి జరుగుతోంది. మాజీ సైనికులు, సైనిక కుటుంబాల సంక్షేమం కోసం విరాళాలు సేకరించే రోజు.
- డిసెంబరు 9: 1971లో మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీ మునిగిపోయిన రోజు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ఓడతోపాటు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదిలి రాలేదు.
- డిసెంబరు 16, విజయ్ దివస్: 1971 యుద్ధం ముగిసిన రోజు.
- జనవరి 30: స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణాలిచ్చినవాళ్ళ కోసం ఉదయం 11 గంటలకు దేశమంతా 2 నిమిషాల మౌనం.

మన ఊళ్ళో చాలామంది ఒక విషయం కలిపేస్తుంటారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరంలోనే, నిజమే. కానీ డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరిపేది 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద మన మిసైల్ బోట్లు చేసిన ఆపరేషన్ ట్రైడెంట్‌కు గుర్తుగా. మైకులో చెప్పేవాళ్ళకి ఈ తేడా ముందే చెప్పండి. నేవీలో చేసిన పెద్దాయన ఎవరో ఒకరు జనంలో తప్పకుండా ఉంటారు, తప్పు చెబితే ఆయనకి బాధ కలుగుతుంది.

డిసెంబరు 4 ఉదయం బీచ్ రోడ్డులోని విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర తూర్పు నౌకాదళం తన కార్యక్రమం చేసుకుంటుంది. ఆ పరిసరాల్లో ట్రాఫిక్ మళ్ళింపులూ ఉంటాయి. కాలనీవాళ్ళు అదే రోజు అక్కడే చేయాలని పట్టుబట్టకుండా 7నో, 9నో, 16నో మీ కాలనీలోనే పెట్టుకుంటే కుటుంబాలకూ రావడం సులువు. జూలై 26 అయితే వానాకాలం, ఆరుబయట పెట్టుకోవద్దు, కమ్యూనిటీ హాలు తీసుకోండి.

2. పేర్లు సరిచూసుకోవడం (కనీసం నెల ముందు)

పని అంతటిలో బరువైన భాగం ఇదే. ఫ్లెక్సీ మీద ఒక పేరు తప్పు పడితే, లేదా హవల్దార్‌ని నాయక్ అని చదివితే, తర్వాత మీరు ఎన్ని పూలు పెట్టినా ఆ ఇంటివాళ్ళ మనసులో మిగిలేది ఆ తప్పే.

వంద పేర్లు వద్దు. మీ కాలనీ, మీ వార్డు, మహా అయితే మీ జిల్లా. గాజువాక, మల్కాపురం, కంచరపాలెం వైపు అయితే నేవీ కుటుంబాలు, మాజీ సైనికులు ఇరుగుపొరుగులోనే దొరుకుతారు, ముందు వాళ్ళని అడగండి. ఆ తర్వాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి సంఘం లెటర్‌హెడ్ మీద ఒక లేఖ రాసి, స్వయంగా వెళ్ళి ఇవ్వండి. కుటుంబాల వివరాలు వాళ్ళు ఊరికే బయటపెట్టరు, పెట్టకూడదు కూడా. మీ ఆహ్వానాన్ని కుటుంబానికి చేర్చమని అడగండి, అది సరైన పద్ధతి. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో గోడల మీద 25 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. పేరు, హోదా సరిచూసుకోవడానికి ఆ జాబితా కూడా పనికొస్తుంది.

ఒక్కో పేరుకీ రాసుకోవాల్సినవి:

- పూర్తి పేరు, ఇంటిపేరుతో, ఇంటివాళ్ళు పలికినట్టుగా
- హోదా
- రెజిమెంటు, ఓడ లేదా యూనిట్ (కుటుంబం చెప్పమన్నంతవరకే)
- ప్రాణాలిచ్చిన తేదీ, ప్రాంతం
- సొంత ఊరు
- పతకం వచ్చి ఉంటే దాని సరైన పేరు

చివరి ప్రతి తయారయ్యాక కుటుంబంలో ఒకరికి చూపించి "సరిపోయిందండీ" అనిపించుకున్నాకే ప్రింటుకి ఇవ్వండి. వాట్సాప్‌లో తిరిగే జాబితాలను నమ్మొద్దు. బతికున్నవాళ్ళ ఫోటోలు కూడా వాటిలో చూశాను.

చదివే వరుస మీద కమిటీలో వాదన వస్తుంది. నా మాట వింటే అధికారుల్ని ముందు, జవాన్లని వెనక పెట్టొద్దు. ప్రాణాలిచ్చిన తేదీల వరుసలో చదవండి.

3. కుటుంబాన్ని పిలవడం

ఫోన్లో పిలిచి వదిలేయొద్దు. మూడు వారాల ముందు ఇద్దరు వెళ్ళండి, అందులో ఒకరు ఆడవాళ్ళయితే మంచిది, మాజీ సైనికుడు ఒకాయన తోడుంటే ఇంకా మంచిది. కూర్చుని, "అమ్మా, ఫలానా రోజు అబ్బాయి పేరు మా కాలనీలో చదవాలనుకుంటున్నాం, మీకు ఇష్టమేనా" అని అడగండి. వద్దంటే అక్కడితో ఆగిపోవాలి, పేరు కూడా చదవకూడదు. వస్తామని చెప్పి ఆ రోజు రాలేకపోయినా తప్పుపట్టకండి. పెళ్ళిరోజో, పుట్టినరోజో ఆ దగ్గర్లో ఉండి ఉండొచ్చు, మనకి తెలియదు.

వెళ్ళినప్పుడు అడగాల్సినవి:

- ఫోటో ఏది పెట్టమంటారు? యూనిఫాంలోదే ఉండాలని లేదు.
- ఫోటోకి దండ, బొట్టు, దీపం మీ పద్ధతిలో ఉన్నాయా? జవాన్లలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు, అందరి ఫోటోలకీ ఒకే తంతు చేసేయొద్దు.
- మీలో ఎవరైనా మాట్లాడతారా, లేక మేమే నాలుగు మాటలు చదవాలా?
- వీడియో తీయొచ్చా? పిల్లల ముఖాలు పెట్టొచ్చా?
- బండి పంపమంటారా? మెట్లు ఎక్కగలరా?

అడగకూడనివి: ఎలా జరిగింది, ఆఖరిసారి ఏం మాట్లాడాడు, పరిహారం ఎంత వచ్చింది, స్థలం ఇచ్చారా. ఆ ఇంట్లో ఈ ప్రశ్నలు ఇప్పటికే చాలాసార్లు విని ఉంటారు.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన విషయం. జవాను భార్య వస్తే మొదటి దీపం ఆమె చేత వెలిగించమని అడగండి. ఆమెకు ఇష్టమైతే మొదటి పుష్పగుచ్ఛం కూడా ఆమెదే. బొట్టూ పూలూ పంచుతూ ఆమెని మాత్రం దాటేసి పక్కావిడకి ఇచ్చే అలవాటు ఇంకా మన మధ్య ఉంది. వాలంటీర్లకి ముందే చెప్పండి: అందరికీ ఏం ఇస్తే ఆమెకీ అదే, అదే చేత్తో. కాదనే పెద్దలు ఎవరైనా ఉంటే వాళ్ళతో కార్యక్రమానికి ముందు రోజే మాట్లాడి తేల్చుకోండి. ఆమె ముందు ఆ చర్చ రాకూడదు.

ప్రతి కుటుంబానికీ ఒక మనిషిని కేటాయించండి. గేటు దగ్గర ఎదురెళ్ళడం, నీళ్ళివ్వడం, బాత్రూమ్ ఎక్కడో చూపించడం, పక్కన కూర్చోవడం, తిరిగి బండి ఎక్కించడం అన్నీ ఆ ఒక్కరి పనే. తల్లి ఏడిస్తే ఊరుకోబెట్టాలని హడావిడి పడొద్దు, పక్కన ఉంటే చాలు.

పతకాల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. సైనికుడు తన పతకాలు ఎడమవైపు పెట్టుకుంటాడు. పోయినవాళ్ళ పతకాలు కుటుంబసభ్యులు పెట్టుకుంటే కుడివైపు.

4. చోటు, సమయం, అనుమతులు

డిసెంబరులో ఉదయం ఏడున్నర, ఎనిమిది మంచి సమయం. ఎండ ఉండదు, పిల్లలు స్కూలుకి, పెద్దలు ఆఫీసుకి వెళ్ళేలోపు ముగుస్తుంది. మొత్తం 40 నిమిషాలు మించనివ్వొద్దు.

కాలనీ ఆవరణలో అయితే సంఘం తీర్మానం చాలు, మైకు పెడితే మాత్రం పోలీస్ స్టేషన్‌లో ముందుగా చెప్పి అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదన్న సంగతి గుర్తుంచుకోండి. పార్కు అయితే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి కూడా కావాలి. బీచ్ రోడ్డులో ర్యాలీ, కొవ్వొత్తుల ప్రదర్శన లాంటివి అనుమతి లేకుండా అసలు వద్దు.

సముద్రం ఒడ్డున పెట్టుకునేవాళ్ళు రెండు విషయాలు ఆలోచించండి. ఒకటి గాలి: అక్కడ కొవ్వొత్తి నిమిషం కూడా నిలవదు, ఫ్లెక్సీ చిరుగుతుంది, ఫోటో స్టాండు పడిపోతుంది. గాజు చిమ్నీలో దీపం పెట్టండి, స్టాండు కాళ్ళకి ఇసుక బస్తాలు వేయండి. రెండోది నీళ్ళు: దీపాలు వదులుదామని, పుష్పగుచ్ఛం అలల్లో వేద్దామని ఎవరూ నీళ్ళల్లోకి దిగకూడదు. ఆర్కే బీచ్ దగ్గర అలల లాగుడు ఎంత ప్రమాదమో మన ఊరివాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఓడ మీద నుంచి సముద్రంలో పుష్పగుచ్ఛం వదలడం నావికుల పద్ధతి, అది వాళ్ళకి వదిలేద్దాం.

5. పూలు, ఫోటోలు, బల్ల

పుష్పగుచ్ఛాలు రెండు చాలు: ఒకటి కుటుంబాల తరఫున, ఒకటి కాలనీ తరఫున. థర్మకోల్ చట్రం వద్దు, వెదురు లేదా గడ్డి చట్రం మీద బంతి, చామంతి, ఆకులు కట్టమని చెప్పండి. రెండడుగుల వెడల్పుంటే బాగుంటుంది, అంతకంటే పెద్దదైతే పెద్దవాళ్ళు మోయలేరు. రిబ్బన్ మీద "అమరవీరులకు, ఫలానా కాలనీవాసులు" అని మాత్రం రాయించండి, వ్యక్తుల పేర్లు వద్దు.

డిసెంబరులో పూర్ణా మార్కెట్‌లో పూలు కొనేవాళ్ళకి తెలిసే ఉంటుంది, మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర రద్దీకి పూల ధర పెరిగిపోతుంది. మీ తేదీ గురువారానికి దగ్గరగా పడితే నాలుగు రోజుల ముందే బయానా ఇచ్చేయండి. విడిపూలు కిలోన్నర, రెండు కిలోలు తెప్పిస్తే వచ్చిన ప్రతివాళ్ళూ గుప్పెడు పెట్టొచ్చు. రాత్రే తెచ్చుకుంటే తడిగుడ్డ కప్పి ఉంచండి, ప్లాస్టిక్ కవర్లో ముడేస్తే తెల్లారేసరికి మగ్గిపోతాయి.

బల్ల మీద తెల్లగుడ్డ పరవండి. జాతీయ జెండాని, జెండా రంగుల గుడ్డని పరవొద్దు. ఫోటోలన్నీ ఒకే సైజు. బ్యానర్ మీద జవాన్ల పేర్లు, తేదీ, కాలనీ పేరు తప్ప ఇంకెవరి బొమ్మా వద్దు, ఎమ్మెల్యేగారిదైనా, దాతదైనా. దాతలకి వేరేగా ఉత్తరం రాసి కృతజ్ఞత చెప్పండి, వాళ్ళూ అర్థం చేసుకుంటారు.

6. జెండా

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

- కాలనీవాళ్ళు సొంతంగా జెండాని సగం దించి ఎగరేయకూడదు. అది ప్రభుత్వ ఆదేశం మీదే జరుగుతుంది. నివాళి రోజైనా జెండా పూర్తి ఎత్తులోనే ఉండాలి.
- కాషాయం పైన. కట్టేవాళ్ళు ఒకరైతే చూసేవాళ్ళు ఇంకొకరు ఉండాలి.
- చకచకా ఎగరేయాలి, నెమ్మదిగా దించాలి.
- విప్పేటప్పుడు రాలేలా లోపల పూలరేకులు పెట్టొచ్చు. స్తంభానికి మాత్రం దండలు చుట్టొద్దు.
- వేదిక మీద కర్రకి పెడితే, జనం వైపు తిరిగి నిలబడ్డ వక్తకి కుడిచేతివైపు ఉండాలి.
- ఫోటో మీద, శిలాఫలకం మీద జెండా కప్పొద్దు. జెండా కప్పేది ప్రభుత్వ, సైనిక, పారామిలటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనే.
- చిరిగినది, వెలిసినది వాడొద్దు.
- జెండా నేలకి తగలకూడదు.

2021 డిసెంబరు సవరణ తర్వాత పాలిస్టర్ జెండా కూడా వాడొచ్చు, 2022 జూలై నుంచి ఇళ్ళ మీద రాత్రిళ్ళు కూడా ఉంచొచ్చు. అయినా కాలనీ కార్యక్రమానికి ఖద్దరు జెండా తెచ్చుకుని, సాయంత్రం దించేయడమే నాకు బాగుంటుంది.

7. ఆ రోజు ఏది తర్వాత ఏది

ఈ వరుసను కాగితం మీద రాసి, మైకు దగ్గర ఒకటి, సౌండ్ అబ్బాయి దగ్గర ఒకటి పెట్టండి.

1. అందరూ కూర్చోవడం, ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని చెప్పడం.
2. కుటుంబాలు రావడం. వాళ్ళు వస్తుంటే అందరూ లేచి నిలబడాలి, చప్పట్లు వద్దు.
3. జెండా ఎగరేయడం ఉంటే ఇప్పుడే, వెంటనే జాతీయగీతం. జెండా ఎగరేయకపోతే గీతం చివర్లో.
4. కార్యక్రమం దేనికో రెండు నిమిషాల్లో చెప్పడం.
5. దీపం.
6. పేర్లు చదవడం. ఒక పేరు చదివాక మూడు సెకన్లు ఆగి తర్వాతిది. మంచి గొంతున్న టెన్త్ పిల్లల చేత చదివించండి, ముందురోజు రెండుసార్లు సాధన చేయించండి.
7. పుష్పగుచ్ఛాలు. ముందు కుటుంబం, తర్వాత కాలనీ.
8. బ్యూగుల్ మీద లాస్ట్ పోస్ట్ (మౌనానికి ముందు ఊదే సైనిక బాణీ), 2 నిమిషాల మౌనం, రౌజ్ (మౌనం ముగిశాక ఊదే బాణీ).
9. కుటుంబం తరఫున మాట, ఉంటే.
10. ఒకే ఒక్క వక్త, ఐదు నిమిషాలు. మాజీ సైనికుడైతే మేలు.
11. అందరూ వరుసగా పూలు పెట్టడం.

పుష్పగుచ్ఛం పెట్టే పద్ధతి చిన్నదే కానీ ముందు చూపించాలి. రెండు చేతులతో పట్టుకుని మామూలు నడక కంటే నెమ్మదిగా వెళ్ళి, వంగి ఆనించి, రిబ్బన్ సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి, నమస్కారం పెట్టి, రెండు మూడు క్షణాలు అలాగే ఉండి అప్పుడు తిరగాలి. యూనిఫాంలో ఉన్నవాళ్ళు సెల్యూట్ చేస్తారు, మనం నమస్కారం చేస్తే చాలు. ఫోటోగ్రాఫర్ వైపు తిరిగి నవ్వడం, గుచ్ఛం మీద పదిమంది చేతులు వేయడం, ఈ రెండూ వద్దు.

8. ఆ 2 నిమిషాలు

మౌనం అంటారు, ముప్పై సెకన్లకే ఎవరో గొంతు సవరించుకుని "థాంక్యూ" అనేస్తారు. అలా కాకూడదంటే ఒక మనిషికి ఇదే పని అప్పగించండి. ఫోన్లో 120 సెకన్ల టైమర్, వైబ్రేషన్ మీద.

లాస్ట్ పోస్ట్, రౌజ్ రికార్డింగులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. యూట్యూబ్‌లో నేరుగా పెడితే మధ్యలో ప్రకటన మోగుతుంది, ఆ క్షణంలో అంతకంటే ఘోరం ఉండదు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైరుతో స్పీకర్‌కి కలపండి. వాచ్‌మన్‌కి చెప్పి ఆ ఐదు నిమిషాలు గేటు దగ్గర బండ్లు ఆపించండి, నీళ్ళ మోటారు ఆపు చేయించండి. ఎన్‌సీసీ పిల్లలు ఉంటే ఫోటోల పక్కన ఇద్దరిని తలవంచి నిలబెట్టొచ్చు. చిన్నపిల్లలు అల్లరి చేస్తే కోప్పడకండి, తల్లి ఎత్తుకుని పక్కకి తీసుకెళ్తే సరిపోతుంది.

9. జరిగే తప్పులు, సరిచేసే దారులు

*శాలువాల వరద.* నివాళి పది నిమిషాలు, వేదిక మీదవాళ్ళకి శాలువాలు అరగంట. వేదికే వద్దు, కుర్చీలన్నీ నేల మీదే వేయండి. కుటుంబానికి ఇవ్వాలనుకున్నది కార్యక్రమం అయ్యాక, ఫోటోలు లేకుండా చేతికివ్వండి.

*ముఖ్య అతిథి ఆలస్యం.* ఆగొద్దు. తల్లిని ముందు వరుసలో కూర్చోబెట్టి నాయకుడి కోసం ఎదురుచూడటం ఆమెను అవమానించడమే. పిలిచేటప్పుడే "ఎనిమిదింటికి మొదలుపెట్టేస్తాం సార్" అని చెప్పేయండి.

*శత్రువుని తిట్టే నినాదాలు.* జైహింద్, భారత్ మాతా కీ జై చివర్లో చెప్పుకోవచ్చు. తిట్లు వద్దు. ఘాజీలోని నావికులు కూడా ఈ తీరంలోనే, సముద్రం అడుగున ఉన్నారు. వాళ్ళతో పోరాడిన మనవాళ్ళు కూడా వాళ్ళని బూతులు తిట్టమని మనల్ని అడగలేదు.

*పిల్లలకి ఆర్మీ డ్రెస్సు, బొమ్మ తుపాకులు.* కొడుకుని పోగొట్టుకున్నవాళ్ళ ముందు ఆ వేషం వద్దు. తెల్ల చొక్కా చాలు. పెద్దవాళ్ళు సైనికులని నమ్మించేలా యూనిఫాం వేసుకోవడమైతే నేరం.

*పేర్లు చదివాక చప్పట్లు.* జనం అలవాటుగా కొట్టేస్తారు. చదవడానికి ముందే "దయచేసి చప్పట్లు వద్దు" అని ఒక్కసారి చెప్పించండి.

*ఫోటోల్లో బయటపడే వివరాలు.* విశాఖలో ఇది ముఖ్యం. ప్రస్తుతం సర్వీసులో ఉన్నవాళ్ళ యూనిట్, ఓడ, పోస్టింగ్ ఎక్కడా రాయొద్దు. బంధువుల ఊసులో కూడా చెప్పించొద్దు. నేవీ ప్రాంతాలు వెనక కనిపించే ఫోటోలు పెట్టొద్దు.

10. ముందురోజు సాయంత్రం సరిచూసుకోవాల్సినవి

- పేర్ల కాగితం, రెండు ప్రతులు
- ఫోటోలు, స్టాండ్లు, తెల్లగుడ్డ
- పుష్పగుచ్ఛాలు, విడిపూలు, పళ్ళేలు
- ప్రమిద లేదా చిమ్నీ దీపం, నూనె, వత్తులు, రెండు అగ్గిపెట్టెలు
- జెండా, తాడు, ముడి ఒకసారి విప్పి చూడటం
- స్పీకర్, వైరు, ఛార్జింగ్, అదనపు ఫోన్‌లో కూడా ఆడియో
- కుటుంబాలకి బండి, డ్రైవర్ నంబరు
- నీళ్ళు, ముందు వరుస కుర్చీలకి చీటీలు
- వాన పడితే ఏ హాలు, తాళం ఎవరి దగ్గర

11. అయిపోయాక

కుటుంబాలని ముందు పంపించి తర్వాతే టిఫిన్లు. అదే రోజు సాయంత్రం జెండా దించండి. మడత ఇలా: అడ్డంగా పరిచి పట్టుకుని, కాషాయం, ఆకుపచ్చ పట్టీలు తెలుపు కిందికి మడిచి, తర్వాత రెండు వైపుల నుంచీ మడుస్తూ వస్తే అశోక చక్రం, కొంచెం కాషాయం, కొంచెం ఆకుపచ్చ మాత్రం పైకి కనిపిస్తాయి. దాన్ని రెండు అరచేతుల మీద మోసుకెళ్ళి లోపల పెట్టాలి. పాడైపోయిన జెండా ఉంటే చెత్తలో వేయొద్దు, ఎవరూ చూడనిచోట గౌరవంగా పూర్తిగా కాల్చేయాలి. పిల్లలు చేతుల్లోంచి పడేసిన కాగితం జెండాలు ఏరడానికి ఇద్దరిని పెట్టండి.

పూలు, రిబ్బన్లు, తీగలు విడదీసి, పూలు మాత్రమే మొక్కల మొదట్లో వేయండి. సముద్రంలో వద్దు.

హుండీ పెట్టి ఉంటే ఇద్దరి ముందు లెక్కపెట్టి, పతాక నిధి కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి రసీదు తెచ్చి నోటీసు బోర్డులో అంటించండి.

వారం లోపల కుటుంబానికి ఫోటోలు ప్రింటు తీయించి తీసుకెళ్ళండి. వెళ్ళినప్పుడు పింఛను కాగితాలో, పిల్లల చదువు విషయమో, కరెంటు మీటరు పేరు మార్పో, ఏదైనా పని నిలిచిపోయి ఉందా అని అడగండి. ఉంటే, కాలనీలో ఆ పని తెలిసినవాళ్ళు ఎవరో చూసి వాళ్ళ నంబరు ఇచ్చి రండి, పది రోజుల తర్వాత అది ఎంతవరకు వచ్చిందో ఫోన్ చేసి కనుక్కోండి.